ఫారంలో గడి మారితే కొలువు ఊడాలా?

2025 జూన్‌కల్లా బీటీఎస్ ఏడుగురూ మిలిటరీ సర్వీస్ ముగించుకుని బయటికొచ్చేశారు. మా క్లాసులో సగం మందికి అది పండగ. మిగతా సగానికి ఒకటే డౌట్: అంత డబ్బు, అంత పేరు ఉన్నవాళ్ళు గుండు చేయించుకుని ఏడాదిన్నర పాటు బ్యారక్‌లో ఎందుకున్నట్టు? ఎందుకంటే దక్షిణ కొరియాలో మగవాడిగా పుడితే తప్పదు. ఆడవాళ్ళకి మాత్రం అది తప్పనిసరి కాదు. ఈ ముక్క చెప్పగానే క్యాంటీన్‌లో ఒకడు ఠక్కున అన్నాడు, "అయితే లింగం మార్చేసుకుంటే సరిపోతుంది కదరా, మిలిటరీ తప్పిపోతుంది!" అని. టేబుల్ అంతా నవ్వులు.

వినడానికి జోకే. కానీ కొన్ని దేశాలు ఈ జోక్‌ని చాలా సీరియస్‌గా తీసుకుని చట్టాల్లో రాసుకున్నాయి. జర్మనీలో 2011 నుంచి నిర్బంధ సైనిక సేవని పక్కన పెట్టేశారు. అయినా 2024 నవంబర్ 1న అక్కడ ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఈ భయం అందులోకి దూరింది. డాక్టర్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగకుండా రిజిస్ట్రీ ఆఫీసులో డిక్లరేషన్ ఇచ్చి లింగం మార్చుకోవచ్చు అన్నది ఆ చట్టం. అందులోనే ఒక సెక్షన్ ఉంది. యుద్ధం గానీ, యుద్ధం లాంటి పరిస్థితి గానీ ప్రకటిస్తే, దానికి రెండు నెలల ముందు నుంచి మగ గడి వదిలేసి వెళ్ళినవాళ్ళని ఆయుధం పట్టే సేవ వరకూ మగవాళ్ళుగానే లెక్కేస్తారు. అమెరికాలో 1973 తర్వాత ఎవర్నీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోలేదు, కానీ పేరు నమోదు చేసుకోవాలన్న రూల్ మాత్రం ఉంది. అక్కడ కూడా ఇప్పుడు ఏ లింగం అన్నది లెక్క కాదు, పుట్టినప్పుడు ఏం రాశారన్నదే లెక్క.

థాయిలాండ్‌ది ఇంకో కథ. ప్రతి ఏప్రిల్‌లో కుర్రాళ్ళని పిలిచి డబ్బాలోంచి చీటీ తీయిస్తారు. ఎర్ర చీటీ వస్తే సైన్యంలోకి, నల్ల చీటీ వస్తే ఇంటికి. ట్రాన్స్ మహిళలు కూడా ఆ లైన్లో నిలబడాలి, ఎందుకంటే వాళ్ళ ఐడీ కార్డు మీద మగ అనే ఉంటుంది. డాక్టర్లు చూసి పంపించేస్తారు, నిజమే. కానీ పంపించేటప్పుడు చేతిలో పెట్టే కాగితం మీద 'శాశ్వత మానసిక రుగ్మత' అని రాసేవాళ్ళు. ఆ కాగితాన్ని తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినా చూపించాలి. చదివిన హెచ్ఆర్ వాళ్ళు ఏమంటారో వేరే చెప్పాలా? చివరికి ఒకరు కేసు వేస్తే, 2011లో అక్కడి పరిపాలనా న్యాయస్థానం ఆ మాట తీసేయమంది. మిలిటరీ 'తప్పించుకున్నవాళ్ళు' దానికి కట్టిన రేటు అదీ.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దేశంలో తప్పనిసరి సైనిక సేవ లేదు. మనకి సైన్యం అంటే పారిపోయే చోటు కాదు, లోపలికి దూరడానికి పోటీ పడే చోటు. మా ఇల్లు బేగంపేటలో. 2008లో షంషాబాద్ ఎయిర్‌పోర్ట్ వచ్చాక ఇక్కడ ప్యాసింజర్ విమానాలు ఆగిపోయాయి గానీ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ అలాగే ఉంది. గోడ అవతల ఉద్యోగం వస్తే చాలు అని గోడ ఇవతల పొద్దున్నే ఐదింటికి పరిగెత్తే కుర్రాళ్ళని చూస్తూ పెరిగాం. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అగ్నిపథ్‌లో సర్వీసు నాలుగేళ్ళే, ఆ తర్వాత నూటికి పాతికమందినే ఉంచుకుంటాం అనగానే, ఏళ్ళ తరబడి ప్రిపేర్ అయిన కుర్రాళ్ళు పట్టాల మీదికి వచ్చారు. రైళ్ళు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడు ఒకరు చనిపోయారు. ఇలాంటి చోట "లింగం మార్చుకుంటే మిలిటరీ తప్పుతుంది" అన్న జోక్ తిరగబడుతుంది. ఇక్కడ అది తప్పడం కాదు, పోగొట్టుకోవడం.

నేనిలా అంటున్నది ఊహించి కాదు. మన వైజాగ్‌లో జరిగింది.

సబి అనే నావికురాలి గురించి మనలో చాలామంది విని ఉండరు. 2010లో నౌకాదళంలో చేరారు, మెరైన్ ఇంజనీరింగ్ విభాగంలో. చేరినప్పుడు రికార్డుల్లో మగ. చివరికి పనిచేసింది విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ ఏకశిలలో. (ఏకశిల అంటే మన ఓరుగల్లు పాత పేరే కదా, అందుకే ఈ కేసు చదివినప్పుడు ఆ పేరు దగ్గరే ఆగిపోయాను.) ఐఎన్ఎస్ అని ఉంది కాబట్టి ఓడ అనుకోకండి. అది ఒడ్డున ఉన్న స్థావరం, ఓడల గ్యాస్ టర్బైన్ ఇంజన్లని బాగుచేసే చోటు. 2016లో సబి సెలవు పెట్టి, లింగ మార్పిడి ఆపరేషన్ చేయించుకుని, తిరిగి డ్యూటీలో చేరారు. తర్వాత తనని నెలల తరబడి నేవీ ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో ఉంచారని ఆమె పత్రికలకు చెప్పారు. 2017 అక్టోబర్‌లో నౌకాదళం ఆమెని సర్వీసు నుంచి తొలగించింది. మీ సేవలు ఇక అక్కర్లేదు అన్న కారణం కింద.

అప్పుడు నౌకాదళం ఇచ్చిన ప్రకటన సారాంశం ఇది: చేర్చుకున్నప్పుడు ఏ లింగంగా చేర్చుకున్నామో దాన్ని తన ఇష్టంతో, సెలవులో ఉండగా, వెనక్కి తిప్పలేని విధంగా మార్చుకున్నారు. మారిన లింగం వల్లా, వైద్య పరిస్థితి వల్లా, దాంతో ఉద్యోగంలో వచ్చే పరిమితుల వల్లా కొనసాగించడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఈ ప్రకటనలో నాకు ముందు కనిపించింది ఉన్నది కాదు, లేనిది. పని సరిగ్గా చేయలేదన్న మాట అందులో ఎక్కడా లేదు. టర్బైన్ విప్పడం మర్చిపోయారనో, స్పానర్ ఎత్తలేకపోతున్నారనో లేదు. ఏడేళ్ళు పనికొచ్చిన చేతులు ఒక ఆపరేషన్‌తో పనికిరాకుండా ఎలా పోయాయి? చేతులకి ఆపరేషన్ జరగలేదు కదా.

అసలు చిక్కు చట్టంలో ఉంది. 1957 నాటి నేవీ చట్టం ప్రకారం ఆడవాళ్ళు నౌకాదళంలో చేరడానికి అర్హులు కారు, కేంద్ర ప్రభుత్వం ఫలానా విభాగంలో చేరవచ్చు అని నోటిఫికేషన్ ఇస్తే తప్ప. ఆర్మీ చట్టంలో కూడా దాదాపు ఇదే మాట. అంటే డీఫాల్ట్ వాల్యూ 'కుదరదు', తర్వాత ఒక్కో తలుపూ నోటిఫికేషన్‌తో తెరుచుకుంటూ వచ్చింది. 1992 నుంచి ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలైంది. కానీ 2017లో సబిని తీసేసేనాటికి సెయిలర్ ర్యాంకుల్లో ఒక్క మహిళ కూడా లేదు. కాబట్టి సిస్టమ్ దృష్టిలో ఆమె కూర్చోవడానికి కుర్చీ లేదు. మగ సెయిలర్ అందామంటే కాదు, మహిళా సెయిలర్ అన్న రకమే లేదు.

డీబీఎంఎస్ చదివినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రైమరీ కీగా పెట్టకూడని కాలమ్‌ని ప్రైమరీ కీగా పెట్టి, దాని చుట్టూ పది టేబుల్స్ అల్లేశారు. ఇప్పుడు ఆ వాల్యూ మారితే మొత్తం ఎర్రర్ కొడుతుంది. (మెకానికల్ వాళ్ళకి: హాల్ టికెట్ నంబర్ బదులు ఫోన్ నంబర్‌తో మార్కుల లిస్టు తయారు చేశారనుకోండి. మీరు సిమ్ మార్చగానే మీ మార్కులు మాయం.) ఇలాంటప్పుడు డిజైన్ మార్చాలి. వీళ్ళు రికార్డునే డిలీట్ చేశారు.

మరి ఆ కుర్చీ అంత అసాధ్యమైనదా? కాదు. 2022లో అగ్నిపథ్ వచ్చినప్పుడు నౌకాదళం మహిళల్ని సెయిలర్లుగా తీసుకోవడం మొదలెట్టింది. మొదటి బ్యాచ్‌లో చేరిన దాదాపు 3,000 మందిలో 341 మంది అమ్మాయిలని ఆ డిసెంబర్‌లో నేవీ చీఫ్ చెప్పారు. అంటే సబిని 'నిబంధనలు ఒప్పుకోవు' అని పంపించేసిన ఐదేళ్ళకి అవే నిబంధనలు ఒప్పేసుకున్నాయి. సముద్రం మారలేదు, టర్బైన్ మారలేదు. మారింది ఒక నోటిఫికేషన్. దీన్ని బట్టి నాకు అర్థమైంది ఏంటంటే, 2017లో అడ్డొచ్చింది శరీరం కానే కాదు, కాగితం. కాగితాన్ని మార్చగలిగిన వాళ్ళు ఢిల్లీలో ఉన్నారు, కానీ అప్పటికి వాళ్ళకి అవసరం కలగలేదు.

సబి ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. ఆవిడ అడగడానికి ఆధారం కూడా ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఎవరి లింగం ఏమిటో వాళ్ళే చెప్పుకునే హక్కు ఉందంది. మూడేళ్ళ తర్వాత జరిగిన తొలగింపు ఇది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని రాసింది. అయితే రాజ్యాంగంలో 33వ అధికరణం కూడా ఉంది, సైన్యంలో ఉన్నవాళ్ళ ప్రాథమిక హక్కులకి పార్లమెంటు పరిమితులు పెట్టొచ్చని. కాబట్టి కోర్టులో ఇది ఒక్క వాక్యంతో తేలే కేసు కాదు, ఒప్పుకుంటాను. నేను అడుగుతున్నది పెట్టొచ్చా అని కాదు, ఈ పరిమితి వల్ల దేశ రక్షణకి ఏం ఒరిగింది అని.

ఇక్కడ మళ్ళీ కొరియాకి వెళ్ళాలి. క్యాంటీన్ జోక్ పుట్టిన దేశంలోనే ఆ జోక్‌కి పూర్తి రివర్స్ కేసు జరిగింది. బ్యోన్ హీ సు అనే ఆమె అక్కడి సైన్యంలో ట్యాంక్ డ్రైవర్. తప్పక వెళ్ళిన మనిషి కాదు, కావాలని స్టాఫ్ సార్జెంట్‌గా చేరినవారు. 2019లో థాయిలాండ్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి, మహిళా సైనికురాలిగా కొనసాగనివ్వండి అని అడిగారు. 2020 జనవరి 22న సైన్యం ఆమెని పంపించేసింది. కారణం? పురుషాంగం లేకపోవడం 'అంగవైకల్యం' అట! కొన్ని వారాలకే అక్కడి కోర్టు ఆమె లింగాన్ని చట్టప్రకారం స్త్రీగా మార్చింది. కేసు నడుస్తుండగానే 2021 మార్చిలో, 23 ఏళ్ళకి, ఆమె తన ఇంట్లో చనిపోయి కనిపించారు. అదే ఏడాది అక్టోబర్ 7న డేజాన్ కోర్టు తీర్పు వచ్చింది: ఆమెని స్త్రీగా చూసి అర్హత తేల్చాల్సింది, మగవాడి కొలతతో వైకల్యం అనడం చెల్లదు, తొలగింపు అక్రమం. 2024 జూన్‌లో ఆమె అస్థికలని జాతీయ శ్మశానవాటికలో ఉంచారు, సైనిక గౌరవంతో. బతికున్నప్పుడు ఇవ్వని యూనిఫాం అప్పుడిచ్చారు.

మగవాడు ఆడగా మారితే ఒక దేశం "దొంగ, డ్యూటీ ఎగ్గొడుతున్నాడు" అంటుంది, ఇంకో దేశం "నువ్వు మాకొద్దు, వెళ్ళిపో" అంటుంది. కొరియా ఈ రెండూ ఒకేసారి అనగలిగింది. లాభం కోసం మారతారు అన్న అనుమానం రూల్స్ రాసేటప్పుడు అందరికీ వస్తుంది. నష్టం అని తెలిసీ మారినవాళ్ళు ఎదురుగా నిలబడితే మాత్రం ఆ అనుమానం రాసినవాళ్ళు తల పక్కకి తిప్పుకుంటారు. పర్మనెంట్ ఉద్యోగం, క్వార్టర్స్, క్యాంటీన్ కార్డు, పెన్షన్ ఇవన్నీ పోతాయని తెలిసి కూడా సబి ఆపరేషన్‌కి వెళ్ళారంటే, అది ఎగ్గొట్టే ప్లాన్ ఎలా అవుతుంది?

ఎదుటివాళ్ళ వాదన కూడా వినాలి. మా అన్నయ్య ఒకడున్నాడు, పోలీసు ఉద్యోగానికి రెండుసార్లు ట్రై చేశాడు. ఈ వ్యాసం రాస్తున్నానని చెప్తే వాడు అడిగిన మొదటి ప్రశ్న: "పరుగులో అమ్మాయిలకి వేరే టైమింగ్ ఇస్తారు కదా, మగవాడి ఒళ్ళుతో వచ్చి ఆ టైమింగ్‌లో పరిగెత్తితే మిగతా అమ్మాయిల సంగతేంటి?" అని. ఇది పిచ్చి ప్రశ్న కాదు. సీటు ఒకటే ఉన్నప్పుడు సెకన్ల తేడా ఎంత పెద్దదో వాడికి తెలుసు. నాకున్న జవాబు పూర్తిది కాదు గానీ ఇది: కొత్తగా చేరేవాళ్ళ కొలతల గురించి ఎంతైనా చర్చించండి, ఏ పనికి ఎంత బలం కావాలో పనిని బట్టి రాయండి. కానీ సబిది చేరే సమస్య కాదు. పరుగు, ట్రైనింగ్ అన్నీ ఎప్పుడో అయిపోయి ఏడేళ్ళు పనిచేసిన మనిషి. ఆమె ఎవరి సీటూ లాక్కోలేదు, తన సీటే తనది.

ఇంకో వాదన, చెప్పకుండా ఆపరేషన్ చేయించుకోవడం క్రమశిక్షణ తప్పడం కదా అని. అలాగే అనుకుందాం. క్రమశిక్షణకి శిక్షలు ఉంటాయి, అవి చిన్నా పెద్దా ఉంటాయి. ఆ ప్రకటనలో సెలవు ప్రస్తావన ఉంది గానీ ఆమెని పంపించింది సెలవు గురించి కాదు, మారిన లింగం గురించి అని వాళ్ళే రాసుకున్నారు.

వేరేలా చేయొచ్చని మన హైదరాబాదే చూపించింది, అదీ చాలా చెడ్డ చరిత్ర ఉన్న చోట. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇక్కడ ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టర్ ఉంచాలి, ఆ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళు చీర కట్టుకునో నగలు పెట్టుకునో రోడ్డు మీద కనిపిస్తే వారంటు లేకుండా అరెస్ట్ చేయొచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న దాన్ని కొట్టేసింది. నూట నాలుగేళ్ళు!

ఆ తీర్పొచ్చిన ఏడాదిన్నరకి, 2024 డిసెంబర్‌లో, అదే నగరంలో పోలీసులు గోషామహల్ స్టేడియంలో ట్రాన్స్‌జెండర్లకి పరీక్షలు పెట్టారు. 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. 58 మంది వస్తే 44 మంది నెగ్గారు, వాళ్ళలో 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా రోడ్డెక్కారు. పంజాగుట్ట వైపు వెళ్తున్నప్పుడు ఒక జంక్షన్‌లో యూనిఫాంలో ఒక అక్కని చూశాను. బైక్ మీదున్న అంకుల్‌ని హెల్మెట్ లేదని ఆపింది. ఆయన గునిశాడు గానీ బండి పక్కకి తీశాడు. ట్రాఫిక్ అసిస్టెంట్ ఉద్యోగాన్ని సైన్యంతో పోల్చలేం, నిజమే, అదీ పైలట్ పద్ధతిలో మొదలుపెట్టింది. నాకు నచ్చిందల్లా పద్ధతి: పనికి ఏం కావాలో చూశారు, దానికి పరీక్ష పెట్టారు, నెగ్గినవాళ్ళని తీసుకున్నారు. ఇంకో రాష్ట్రం ఇంతకంటే ముందుకెళ్ళింది, ఛత్తీస్‌గఢ్ 2021లో 13 మందిని ఏకంగా కానిస్టేబుళ్ళుగా తీసుకుంది.

మన వయసు వాళ్ళకి ఇది ఎందుకు అంటారా? రెండు కారణాలు. ఒకటి ఎన్‌సీసీ. 1948 నాటి ఎన్‌సీసీ చట్టంలో కూడా రెండే గడులు, బాయ్స్‌కి ఒకటి, గర్ల్స్‌కి ఒకటి. కేరళలో ఒక ట్రాన్స్ విద్యార్థిని తనని గర్ల్స్ వింగ్‌లో తీసుకోనివ్వండి అని కోర్టుకెళ్ళింది. 2021 మార్చిలో కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి ఆమెని సెలక్షన్‌కి రానివ్వమన్నారు. అంటే మన పక్కబెంచీలో ఉండేవాళ్ళకి జరిగే విషయమే.

రెండోది రాజ్యాంగంలో ఉంది, చాలామంది గమనించరు. 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధిస్తుంది. దాని రెండో భాగం మాత్రం, ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ విధించవచ్చు అంటుంది. విధించేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం అనే కారణంతో మాత్రమే తేడా చూపకూడదు అని ఒక లిస్టు ఇచ్చింది. ఆ లిస్టులో లింగం లేదు. 15, 16 అధికరణాల్లో ఉంది, ఇక్కడ లేదు. రేపెప్పుడైనా మన ప్రభుత్వం కొరియాలాగా అందరూ సైన్యంలోకి రండి అంటే, మగవాళ్ళు మాత్రమే రండి అని చెప్పడానికి ఆ ఖాళీ దారి ఇస్తుంది. ఆ రోజు క్యాంటీన్ జోక్ మన దగ్గర కూడా చట్టమవుతుంది, మన డాక్టర్లు మన కుర్రాళ్ళ ఫారాల మీద ఏం రాయాలో వెతుక్కుంటారు. అప్పటిదాకా ఆగి రూల్ రాసుకుంటామా?

నేను అడిగేది పెద్ద విప్లవం కూడా కాదు. సర్వీసులో ఉండగా లింగం మార్చుకున్నవాళ్ళని ఏం చేయాలో త్రివిధ దళాలకీ ఒక రాతపూర్వక నియమం ఉండాలి. అందులో మొదటి ప్రశ్న "ఈ మనిషి తన పని చేయగలరా" అన్నది కావాలి. చేయగలిగితే అదే పని, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు కుదరకపోతే కాలు విరిగినవాళ్ళకి ఇచ్చినట్టే తేలిక పని. మహిళా సెయిలర్లకి ఇప్పుడు చోటు ఉంది కాబట్టి కుర్చీ లేదన్న సాకు కూడా లేదు. పాత కేసులు తిరగేయాలి, పోయిన సర్వీసు కలపాలి. సెయిలర్‌కి పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ళ సర్వీసు ఉండాలి. సబి చేరింది 2010లో. ఉంచుకుని ఉంటే 2025కి ఆ పదిహేనేళ్ళూ నిండి ఉండేవి.